ఆటోమేటిక్ గేర్ బాక్స్ దించే ముందు పాత ఆయిల్ ఏం చెప్తుందో చూడు తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివిన. నీది డబుల్ క్యాబ్ పికప్, 6 గేర్ల ఆటోమేటిక్, 1 లక్షా 12 వేల కిలోమీటర్లు తిరిగింది, కొన్నప్పటి నుంచి గేర్ బాక్స్ ఆయిల్ ఒక్కసారి కూడా మార్చలేదు, వారానికి ఆరు రోజులు మేడ్చల్ గోడౌన్ నుంచి బేగంబజార్‌కి సరుకు మోస్తది. ఇప్పుడు 60 నుంచి 80 స్పీడ్ మధ్యల యాక్సిలరేటర్ తేలిగ్గా పట్టుకుని పోతుంటే రంబుల్ స్ట్రిప్స్ మీద పోయినట్టు గరగరా వణుకుతది, పొద్దున ఫస్ట్ స్టార్ట్‌లో డి లో వేస్తే రెండు సెకన్లు ఆగి దబ్బున పట్టుకుంటది. ఒక షెడ్డాయన గేర్ బాక్స్ దించాల్సిందే 1 లక్షా 80 వేలైతది అన్నడు, ఇంకొకాయన ఆయిల్ మారిస్తే చాలు అన్నడు, మూడో ఆయన ఇన్నేళ్ళు ముట్టని ఆయిల్‌ని ఇప్పుడు ముడితే నడిచే బండి కూడా నిలబడిపోతది అని భయపెట్టిండు. ముగ్గురిలో ఎవరి మాట వినాలె అని కదా అడిగినవ్.

నా మాట ముందే చెప్పేస్త. నువ్వు చెప్పిన రెండు లక్షణాలు ఆయిల్‌తో బాగయ్యే జాతివే, కాబట్టి ఆయిల్ మార్పించు, కానీ పాత ఆయిల్‌ని చూడకుండా, వాసన పీల్చకుండా, ఛాంబర్ (గేర్ బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) లోపల అయస్కాంతం మీద ఏముందో చూడకుండా మార్పించకు. ఆయిల్ మారిస్తే ఆయిల్ వల్ల వచ్చిన రోగమే పోతది, ఇనుము అరిగి వచ్చిన రోగం పోదు. నీది ఏదో 1 లక్షా 80 వేలు పెట్టకముందే తెలుసుకోవచ్చు.

నేను 24 ఏళ్ళ నుంచి ఈ పనిలో ఉన్న. మొదట్ల గోదావరిఖని వైపు ఒక కాంట్రాక్టర్ దగ్గర ఓపెన్ కాస్ట్ గనిలో తిరిగే డంపర్ల మీద పని నేర్చుకున్న, వాటికి అప్పటికే ఆటోమేటిక్ గేర్ బాక్సులే ఉండేటివి, తర్వాత హైదరాబాద్ వచ్చి బస్సులు, ఫైర్ బండ్లు, పికప్‌లు చూసుకుంటూ ఇప్పుడు ఆటోనగర్ దగ్గర సొంత షెడ్డు నడుపుతున్న. ఆ గనిలో మా ఉస్తాద్ ఏ డంపర్ వచ్చినా పానా పట్టుకునేటోడు కాదు, ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ లెవల్ చూసే కడ్డీ) గుంజి రెండు చుక్కలు తెల్ల కాగితం మీద వేసి కాగితాన్ని ఎండలో పెట్టి చాయ్ తాగడానికి పోయేటోడు. వచ్చి చూస్తే మంచి ఆయిల్ అయితే చుక్క పెద్దగా, లేత ఎరుపుతో నాలుగు వైపులా పారి ఉండేది, కాలిపోయిన ఆయిల్ అయితే నడుమ నల్లటి మచ్చ అక్కడక్కడే నిలబడి చుట్టూ సన్నటి చార మాత్రం ఉండేది. ఇప్పుడు నా దగ్గర బండి కంప్యూటర్‌లో ఉన్నది చదివే స్కానర్ ఉంది, అయినా ఆ కాగితం పని ఇప్పటికీ మొదట అదే చేస్త.

ఇంకోటి ముందే తేల్చుకోవాలె. నీది టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ కాబట్టి ఈ మాటలన్నీ నీకు వర్తిస్తయి. ఇది చదివే లారీ అన్నలు చాలామందికి బండి మీద ఆటోమేటిక్ అని రాసి ఉన్నా లోపల ఉండేది ఏఎంటీ, అంటే మామూలు మాన్యువల్ గేర్ బాక్స్‌కే కంప్యూటర్ క్లచ్ తొక్కి గేర్ వేస్తది, వోల్వో వాళ్ళ ఐ-షిఫ్ట్ కూడా ఆ జాతిదే. దాంట్లో ఉండేది గేర్ ఆయిల్, ఈ ఎర్ర ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్, కాదు. అక్కడ జర్కు వస్తే క్లచ్ ప్లేట్, యాక్చుయేటర్, గాలి ప్రెషర్, క్లచ్ లెర్నింగ్ చూడాలె, ఆయిల్ మార్చి క్లచ్ బాగైతదని ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు నీ వణుకు సంగతి. టార్క్ కన్వర్టర్ అంటే ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లు అనుకో, ఇంజిన్ ఒక ఫ్యాన్‌ని తిప్పితే ఆయిల్ ఎగిరి రెండో ఫ్యాన్‌ని తిప్పుతది, నడుమ ఇనుప జోడింపు ఏమీ ఉండదు. అట్ల తిరిగితే కొంచెం శక్తి వేడిగా వృథా అయితది, అందుకే స్పీడ్ నిలకడగా ఉన్నప్పుడు లోపల ఒక చిన్న క్లచ్ వచ్చి రెండింటినీ కలిపి పట్టుకుంటది, దాన్నే లాకప్ అంటం. ఈ కాలపు బండ్లల్లో ఆ లాకప్ క్లచ్ పూర్తిగా పట్టుకోకముందు కావాలనే కొంచెం జారుతూ ఉండేటట్టు నడిపిస్తరు. అట్ల జారేటప్పుడు మెత్తగా జారాలంటే ఆయిల్‌లో కలిపిన ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే మందు పనిచేయాలె. ఆ మందు వేడికి, వయసుకి అయిపోతే క్లచ్ పట్టుకుంటది వదులుతది, మళ్ళీ పట్టుకుంటది మళ్ళీ వదులుతది, సెకనుకి బోలెడు సార్లు, అదే నీకు సీటు కింద గరగర లాగ తెలుస్తది. తలుపు బందుకి నూనె ఎండిపోతే కిర్రుమన్నట్టే ఇది కూడా. ఈ మందు ఎంత ముఖ్యమంటే 1970ల మొదటి దాకా అమెరికాలో ఏటీఎఫ్‌లో దీనికోసం స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేటోళ్ళు, ఆ నూనె బంద్ అయినంక దానికి బదులు వేరే రసాయనాలు తయారు చేసుకునేదాకా కంపెనీలు చాలా తిప్పలు పడ్డయి.

నీ వణుకు లాకప్‌దేనా అని ఖర్చు లేకుండా చూసే పద్ధతి ఉంది. ఓఆర్ఆర్ మీద ఖాళీగ ఉన్న టైముల ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని పో, వెనక బండి లేకుండా చూసుకో, 70 దగ్గర వణుకు మొదలైనప్పుడు యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ని లైట్ వెలిగేంత మాత్రమే తాకించు, బ్రేక్ పడొద్దు. బ్రేక్ స్విచ్ తగలగానే కంప్యూటర్ లాకప్‌ని వదిలేస్తది, ఆర్‌పీఎం ముల్లు కొంచెం లేస్తది. అదే క్షణంలో వణుకు ఆగిపోయి, కాలు తీయగానే మళ్ళీ వస్తే అది లాకప్ వణుకే. తాకినా ఆగకుంటే గేర్ బాక్స్ జోలికి పోకు, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాలకి తిప్పుడు మోసే పొడుగు రాడ్డు) క్రాసులు అనే జాయింట్లు, సెంటర్ బేరింగ్, ఇంజిన్ మౌంటింగులు, ఇంజెక్టర్లు చూపించు. క్రాసు వణుకుకీ లాకప్ వణుకుకీ తేడా తెలియక గేర్ బాక్స్ దించిన బండ్లు నా షెడ్డుకి వచ్చినయి, రెండు క్రాసులు మార్చి పంపిన.

పొద్దున ఆలస్యం సంగతి వేరే. చల్లగా ఉన్నప్పుడే ఆలస్యమై వేడెక్కినంక మామూలైతే ఆయిల్ లెవల్ తక్కువ ఉండడమో, లోపలి రబ్బరు సీళ్ళు గట్టిపడడమో అయ్యుంటది. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుంటది, వేడికి పొంగుతది, అందుకే తక్కువున్న లెవల్ పొద్దున బయటపడతది, పంపు ఆయిల్‌తో పాటు గాలి కూడా పీల్చి ప్రెషర్ కట్టడానికి టైం తీసుకుంటది. దీనికి ఉల్టాగా పొద్దున మంచిగ ఉండి, గంట నడిచి వేడెక్కినంక గేర్ జారడం, ఆర్‌పీఎం లేచినా బండి లేవకపోవడం ఉంటే అది భయపడాల్సిన లక్షణం, లోపల క్లచ్చులో సీళ్ళో అరిగి పలచబడ్డ వేడి ఆయిల్ లీకైపోతున్నట్టు. నువ్వు పొద్దునే అన్నవ్ కాబట్టి నాకు ఆశ ఉంది. కానీ ఒకటి గుర్తుపెట్టుకో, ఇంజిన్ ఆయిల్ లెక్క గేర్ బాక్స్ ఆయిల్ కాలిపోయి తగ్గదు, తగ్గిందంటే ఎక్కడో కారుతుందన్నట్టే. ఛాంబర్ ప్యాకింగ్, కూలర్ పైపులు, ముందు సీల్, వెనక ఔట్‌పుట్ సీల్, ఈ నాలుగు చోట్ల తడి ఉందా అని బండి కింద టార్చి వేసి చూడు. కారేచోటు బాగుచేయకుండా కొత్త ఆయిల్ పోస్తే మూడు నెలలకి మళ్ళీ ఇదే ప్రశ్న వేస్తవ్.

స్కానర్ పెట్టించి కోడ్లు చూడు, చెరిపేయనీయకు, ముందు రాసుకో. పీ0741 వస్తే లాకప్ సరిగ్గా పట్టుకోవట్లేదని, పీ0218 వస్తే గేర్ బాక్స్ ఆయిల్ మరీ వేడెక్కిందని, పీ0730 లాంటివి వస్తే కంప్యూటర్ అనుకున్న గేరు ఒకటి చక్రానికి అందుతున్న లెక్క ఇంకొకటి, అంటే ఎక్కడో జారుతుందని. మొదటి రెండూ ఆయిల్‌తో తగ్గే అవకాశం ఉన్నవి, మూడోది వస్తే నేనైతే కస్టమర్‌కి మాట ఇయ్యను.

ఇక పాత ఆయిల్ చూడడం. రంగుని ఒక్కదాన్నే నమ్మకు, ఎరుపు అనేది కారింది ఎక్కడి ఆయిలో తెలియడానికి కలిపిన రంగే, కొన్ని ఆయిళ్ళు కొద్ది వేల కిలోమీటర్లకే గోధుమ రంగుకి తిరుగుతయి, దాంతో నష్టం లేదు. వాసన ముఖ్యం. కొంచెం చేతి మీద వేసుకుని రుద్ది పీల్చు, మాడిన అన్నం గిన్నె లాగ, కాలిన బ్రేక్ లైనింగ్ లాగ ఘాటుగా వస్తే క్లచ్చులు కాలినయని. వేళ్ళ మధ్య రుద్దితే ఇసుక లాగ గరుకు తగులుతుందా చూడు. ఛాంబర్ విప్పినప్పుడు లోపల అడుగున చిన్న అయస్కాంతాలు ఉంటయి, వాటి మీద బూడిద రంగులో మెత్తటి పేస్టు, కాటుక లాగ పట్టి ఉంటే భయం లేదు, లక్ష తిరిగిన బండికి అది మామూలే. వేలితో తీస్తే ముల్లు లాగ గుచ్చుకునే మెరిసే ఇనుప తునకలు ఉంటే, పసుప్పచ్చ ఇత్తడి రేకులు ఆయిల్‌లో తేలుతుంటే, నల్లటి పొట్టు గుప్పెడు కింద పేరుకుని ఉంటే, ఆయిల్ పైసలు కూడా దండగ, బుష్షులో క్లచ్చులో పోయినయి, దించాల్సిందే.

ఇంకొక రంగు ఉంది, దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటది. స్ట్రాబెర్రీ మిల్క్ లాగ గులాబీ రంగు చిక్కటి పాలు. అంటే ఆయిల్‌లో నీళ్ళో కూలెంటో కలిసినయి. 2020 అక్టోబర్‌లో వానలకి గగన్‌పహాడ్ వైపు అప్పచెరువు తెగి హైవే మీదికి నీళ్ళొచ్చినప్పుడు ఆ వైపు నుంచి ఒకాయన పికప్ రాత్రంతా నీళ్ళల్లో నిలబడింది. ఇంజిన్‌లోకి నీళ్ళు పోలేదు, స్టార్ట్ అయింది అని సంతోషపడి నెల రోజులు నడిపిండు. గేర్ బాక్స్‌కి పైన గాలి పోవడానికి చిన్న బ్రీదర్ గొట్టం ఉంటదని, వేడి గేర్ బాక్స్ చల్లటి నీళ్ళల్లో మునిగితే లోపలి గాలి ముడుచుకుని ఆ గొట్టం నుంచే నీళ్ళు పీల్చుకుంటదని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నా దగ్గరికి వచ్చేసరికి ఆయిల్ గులాబీ పాలే. మూడుసార్లు మార్చినం, పదిహేను రోజులు మంచిగ నడిచింది, తర్వాత మూడో గేరు జారడం మొదలైంది. క్లచ్ ప్లేట్ల మీద ఉండేది కాగితం జాతి లైనింగ్, గమ్‌తో అతికించి ఉంటది, నీళ్ళూ కూలెంట్‌లోని గ్లైకాలూ ఆ గమ్‌ని నానబెట్టి లైనింగ్‌ని ఊడదీస్తయి. నానినంక కొత్త ఆయిల్ పోసినా అతుక్కోదు. నీళ్ళు దిగిన మర్నాడే స్టార్ట్ చేయకుండా ఆయిల్ మార్చి ఉంటే ఆ బండి బతికేదేమో. మలక్‌పేట బ్రిడ్జి కింద వాననీళ్ళల్లో ఆటోమేటిక్ బండి తోలేటోళ్ళందరికీ ఇది చెప్తనే ఉంట. నీళ్ళల్లోకి పోకుండానే గులాబీ రంగు వస్తే రేడియేటర్ లోపలున్న గేర్ బాక్స్ కూలర్ పగిలినట్టు, రేడియేటర్ మార్చకుండా ఆయిల్ ముట్టుకోవద్దు.

ఇప్పుడు ఆ మూడో ఆయన భయపెట్టిన మాట. ముట్టని ఆయిల్ మారిస్తే గేర్ బాక్స్ పోతది అనేది ఊరికే పుట్టిన మాట కాదు, అట్ల అయిన బండ్లు నేనూ చూసిన. కానీ కారణం వేరే. అప్పటికే క్లచ్చులు అరిగి జారుతుంటే అప్పుడు భయపడి ఆయిల్ మార్పిస్తరు. పాత ఆయిల్‌లో తేలుతున్న లైనింగ్ పొడి గరుకుగా ఉండి ఆ అరిగిన క్లచ్చులకి కొంచెం పట్టు ఇస్తుంటది, అది తీసేసి మెత్తటి కొత్త ఆయిల్ పోయగానే దాగి ఉన్న జారుడు బయటపడతది. చంపింది కొత్త ఆయిల్ కాదు, ఆలస్యం. ఇంకొక కారణం ఫ్లష్ మిషన్, ప్రెషర్ పెట్టి లోపలంతా కడుగుతం అని చెప్తరు, ఏళ్ళుగా మూలల్లో కూర్చున్న మురికి కదిలి వాల్వ్ బాడీ (ఆయిల్‌ని క్లచ్చులకి పంచే భాగం) సన్న దారుల్లో, సోలినాయిడ్లు అనే కరెంటు వాల్వులల్లో ఇరుక్కుంటది. లక్ష దాటి ఎన్నడూ మార్చని బండికి ప్రెషర్ ఫ్లష్ వద్దు అని గట్టిగ చెప్తున్న.

లైఫ్‌టైం ఆయిల్, మార్చే పనే లేదు అని కూడా నీకు చెప్పి ఉంటరు. గేర్ బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే తన ఆటోమేటిక్‌లకి 80 వేల నుంచి 1 లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్యల, లేకుంటే 8 ఏళ్ళకి ఆయిల్ మార్చమంటది. మన దగ్గర ఎండ, ట్రాఫిక్, మీద బరువు, కాబట్టి సరుకు మోసే బండికి నేను 60 వేలకే చెప్త. మెకానిక్‌ల పాత లెక్క ఒకటుంది, ఆయిల్ వేడి 80 డిగ్రీలు దాటినంక ప్రతి 11 డిగ్రీలకి దాని ఆయుష్షు సగమైతదని. మే నెలలో బండినిండా సరుకుతో ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యల ఆగి, బ్రేక్ వేయకుండా యాక్సిలరేటర్ మీదనే బండిని ఆపి పట్టుకునే అలవాటు చాలామందికి ఉంటది, ఆ నిమిషం కన్వర్టర్‌లో ఆయిల్ ఉడికిపోతది. ఆ పని నువ్వు చేస్తుంటే ఇయ్యాల్టి నుంచి మానెయ్.

ఎంత ఆయిల్, ఎన్నిసార్లు అనేది ఇక్కడ చాలామంది తప్పు చేస్తరు. నీ జాతి గేర్ బాక్స్ మొత్తం 10 లీటర్ల దగ్గర పట్టుకుంటది అనుకో, డ్రెయిన్ బోల్టు విప్పితే దిగేది 4 లీటర్లే, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో, పైపుల్లో ఉండిపోతది. ఒకసారి మారిస్తే 40 శాతమే కొత్తది. రెండోసారికి 64, మూడోసారికి 78 శాతం అయితది. అందుకే మూడు రౌండ్లు చెప్తున్న, మొత్తం 12 లీటర్లు, నడుమ నడుమ బండి నడవాలె. మొదటి రౌండ్‌లో ఛాంబర్ విప్పి జాలీ (ఆయిల్ ఫిల్టర్) మార్చి అయస్కాంతాలు తుడిచి కొత్త ప్యాకింగ్ వేయించు, తర్వాత రెండు మూడు వందల కిలోమీటర్లు నీ మామూలు పని చేసుకో, రెండో రౌండ్ బోల్టు విప్పి దించి పోయడమే, మళ్ళీ అంతే నడిపి మూడోది. మెల్లగ మారిస్తే పాత మురికి ఒక్కసారి కదలదు, క్లచ్చులు కూడా కొత్త ఆయిల్‌కి అలవాటు పడతయి. ఖర్చు చూసుకున్నా ఆ ఓవరాల్ (గేర్ బాక్స్ దించి మొత్తం విప్పి బాగుచేసే పని) పైసల్లో పదో వంతు దగ్గరే ఆగిపోతది.

పని చేసేటప్పుడు పక్కన నిలబడు, సిగ్గుపడకు, నీ బండి నీ పైసలు. కింద బోల్టు విప్పే ముందే పైన నింపే బోల్టు విప్పమను, అది తుప్పు పట్టి రాకుంటే, కిందది విప్పి ఆయిల్ పోగొట్టుకున్నంక బండి అక్కడే ఉండిపోతది. దిగిన ఆయిల్‌ని కొలత డబ్బాలో పట్టించు, ముందు ఎంత దిగిందో అంత పోసి, తక్కువ ఎక్కువలు తర్వాత లెవల్ చూసేటప్పుడు సరిచేయాలె. 4 లీటర్లు దిగాల్సిన చోట 3 లీటర్లే దిగితే నీ పొద్దుటి ఆలస్యానికి జవాబు అక్కడే దొరికినట్టు. ప్యాకింగ్ దగ్గర సిలికాన్ పేస్టు బొర్ర బొర్రగా పూస్తుంటే ఆపు, లోపలికి పిండుకున్న పేస్టు తీగలు ఊడి జాలీని మూస్తయి. బోల్టులు రింగు లాగ వరసగా కాకుండా ఎదురెదురు బిగించాలె, టార్క్ పానాతోనే, అల్యూమినియం ఛాంబర్ అయితే గుంజి బిగిస్తే మర ఊడిపోతది. బండి నాలుగు స్టాండ్ల మీద ఉండాలె, ఒక్క జాక్ మీద ఉన్న బండి కిందికి ఎవరినీ పోనీయకు.

అసలైన ఘట్టం లెవల్. ఈ బండ్లకి డిప్‌స్టిక్ ఉండదు, ఛాంబర్ దగ్గర ఓవర్‌ఫ్లో బోల్టు ఉంటది. ఆయిల్ పోసినంక ఇంజిన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి పట్టుకుని, పీ నుంచి ఆర్, ఎన్, డి, మళ్ళీ వెనక్కి, ఒక్కో చోట నాలుగైదు సెకన్లు ఆగుతూ తిప్పాలె, అప్పుడే సందులన్నీ నిండుతయి. తర్వాత పీ లో పెట్టి ఇంజిన్ నడుస్తుండగానే, స్కానర్‌లో గేర్ బాక్స్ ఆయిల్ టెంపరేచర్ చూస్తూ, మాన్యువల్‌లో చెప్పిన డిగ్రీలకి రాగానే ఓవర్‌ఫ్లో బోల్టు విప్పాలె, చాలా బండ్లకి అది 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటది, నీ మోడల్ లెక్క దాని మాన్యువల్‌లోనే చూడు. సన్నటి ధార పడి, ధార చుక్కలైనప్పుడు బోల్టు బిగిస్తే లెవల్ సరిపోయినట్టు. బండి అడ్డంగా, పొడుగ్గా రెండు వైపులా సమానంగా ఉండాలె, మన షెడ్లల్లో నేల వాలు ఉంటది కాబట్టి వాటర్ లెవల్ పెట్టి చూసుకోవాలె. హైదరాబాద్ ఎండాకాలంలో మధ్యాహ్నం బండి అడుగే 40 డిగ్రీలు దాటి ఉంటది, అందుకే నేను ఈ పని పొద్దున ఏడింటికే మొదలుపెడత. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక బండికి చల్లగా ఉన్నప్పుడే ఓవర్‌ఫ్లో చూసి, ధార రాకపోతే వచ్చేదాకా పోసేసిన, రెండు రోజులకి బ్రీదర్ నుంచి నురగ కక్కుకుంటూ వచ్చింది. లెవల్ ఎక్కువైతే తిరిగే గేర్లు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తయి, నురగతో ప్రెషర్ రాదు, తక్కువున్నప్పటి లక్షణాలే వస్తయి. ఆ బండి ఓనర్‌కి పైసలు వాపస్ ఇచ్చి మళ్ళీ చేసిన, ఆ రోజు నుంచి డిగ్రీలు చూడకుండా బోల్టు ముట్టలేదు.

పెద్ద బండ్లవాళ్ళకి రెండు మాటలు. అల్లిసన్ గేర్ బాక్స్ ఉన్న బస్సులకీ టిప్పర్లకీ డిప్‌స్టిక్ ఉంటది, వేడి లెవల్ 71 నుంచి 93 డిగ్రీల మధ్యల చూడాలె, చల్లటి గీత అనేది స్టార్ట్ చేయడానికి సరిపోను ఉందా అని చూసుకోవడానికే. వాళ్ళ ఆయిల్‌కి టీఈఎస్ అని నంబర్ ఉంటది, ఇదివరకు టీఈఎస్ 295, దాని తర్వాతది టీఈఎస్ 668, డబ్బా మీద ఆ నంబర్ లేకుండా ఎర్రగా ఉంది కదా అని పోయొద్దు.

నీకూ అదే మాట. నీ ఓనర్ మాన్యువల్‌లో ఏ స్పెసిఫికేషన్ రాసి ఉందో అదే కొను. పాత డెక్స్‌రాన్ 3 చిక్కటి ఆయిల్, 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 7 (సెంటీస్టోక్స్ అనే కొలతలో) పైన ఉంటది, ఇప్పటి డెక్స్‌రాన్ 6, టయోటా డబ్ల్యూఎస్ లాంటివి 6 దగ్గర ఉండే పలచటి ఆయిళ్ళు, పలచటి దానికి కట్టిన గేర్ బాక్స్‌లో చిక్కటిది పోస్తే పొద్దున షిఫ్టులు ఇంకా మొద్దుబారుతయి. సీవీటీ (గేర్లకి బదులు బెల్టుతో నడిచే వేరే రకం ఆటోమేటిక్) ఆయిల్ అసలే వద్దు. అన్ని బండ్లకీ ఒకటే ఆయిల్ అని అమ్మే డబ్బా మీద నీ స్పెసిఫికేషన్ పేరు స్పష్టంగా ఉంటేనే ఆలోచించు. రాణిగంజ్‌లో దొరకని వస్తువు లేదు కానీ ఆయిల్ మాత్రం బిల్లు ఇచ్చే డీలర్ దగ్గర సీలు చూసి కొను, నకిలీ డబ్బాలు నా చేతికే వచ్చినయి, మూత రింగు తెరవకముందే వదులుగా ఉంది. వణుకు తగ్గించే మందు సీసాలు కూడా అమ్ముతరు, కొన్నాళ్ళు వణుకు దాస్తయి, బండి అమ్ముకునేటోడికి పనికొస్తది, నడుపుకునేటోడికి కాదు.

మార్చినంక స్కానర్‌తో అడాప్టేషన్ రీసెట్ చేయించు, ఇన్నాళ్ళు పాడైన ఆయిల్‌కి తగ్గట్టు కంప్యూటర్ ప్రెషర్లు సర్దుకుని ఉంటది, ఆ లెక్కలు చెరిపేస్తే కొత్తగా నేర్చుకుంటది, మొదటి రోజు రెండు రోజులు షిఫ్టులు వింతగా అనిపించినా కంగారు పడకు. వణుకు కొందరికి మొదటి రౌండ్ అయిన గంటకే పోతది, కొందరికి రెండో రౌండ్ దాకా తగ్గుతూ పోతది, లైనింగ్‌లో ఇంకిన పాత ఆయిల్ బయటికి రావడానికి టైం కావాలె కదా. మూడు రౌండ్లూ అయిపోయి వెయ్యి కిలోమీటర్లు నడిచినా లాకప్ వణుకు అట్లనే ఉంటే అప్పుడు కన్వర్టర్ మాట మాట్లాడుకుందాం, అప్పటికీ గేర్ బాక్స్ మొత్తం ఓవరాల్ కాదు, కన్వర్టర్ ఒక్కటి బాగుచేయించి చూడొచ్చు.

దిగిన పాత ఆయిల్ మోరీలో పోయనీయకు, మన మోరీలన్నీ మూసీలోనే కలుస్తయి. 2016 రూల్స్ ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కిందికే వస్తది, పర్మిషన్ ఉన్న రీసైక్లింగ్ వాళ్ళకే ఇయ్యాలె. కానీ అది ఇచ్చే ముందు మొదటి రౌండ్ ఆయిల్ ఒక చిన్న గాజు సీసాలో పట్టి పక్కన పెట్టు, రెండు చుక్కలు తెల్ల కాగితం మీద వేసి గంట తర్వాత ఫోటో తియ్, ఛాంబర్ అయస్కాంతాల ఫోటో మెకానిక్ గుడ్డతో తుడవకముందే వెలుతురులో దగ్గర నుంచి తియ్. ఆ రెండు ఫోటోలు, ఎన్ని లీటర్లు దిగిందో, బ్రేక్ తాకించినప్పుడు వణుకు ఆగిందా లేదా, ఈ నాలుగూ ఇక్కడ పెట్టు. రెండో రౌండ్ ఆయిల్ కొనాల్నా వద్దా అనేది అవి చూసి చెప్త, అప్పటిదాకా ఆ 1 లక్షా 80 వేలకి అడ్వాన్స్ ఇయ్యకు.